జెల్ ఎక్కించేముందు చూడాల్సినవి

సంపాదకులకు,

మూత్రాశయం నుంచి మూత్రం కిడ్నీల వైపు ఎగదన్నే సమస్య (రిఫ్లక్స్) ఉన్న పిల్లలందరికీ ఇక కోత లేని చికిత్సే మార్గమన్న మీ వ్యాసంలో సగం నిజం ఉంది. 1984లో డబ్లిన్‌లో ఓడొనెల్, పూరి టెఫ్లాన్‌తో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి, 2001లో అమెరికా అనుమతించిన డీఫ్లక్స్ జెల్‌తో నిలదొక్కుకుంది. మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపు గుండా మూత్రనాళం ముఖద్వారం దగ్గర జెల్ ఎక్కిస్తే అక్కడ ఉబ్బు లేచి, మూత్రం వెనక్కి పోకుండా అడ్డుకుంటుంది. బిడ్డ సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ రిఫ్లక్స్ ఆగడం వేరు, మూత్ర ఇన్ఫెక్షన్ రాకపోవడం వేరు. 2010లో వెలువడిన స్వీడన్ అధ్యయనం తీవ్రతలో మూడు, నాలుగు గ్రేడుల రిఫ్లక్స్ ఉన్న 203 మంది చిన్నారులను రెండేళ్లు గమనించింది. జెల్ ఎక్కించినవారిలో 71 శాతానికి రిఫ్లక్స్ పోయింది లేదా తగ్గింది. రోజూ యాంటీబయాటిక్ వాడినవారిలో 39 శాతానికే. ఇక్కడితో ఆగితే గెలుపు వ్యాసకర్తదే. అయితే ఆడపిల్లల్లో జ్వరంతో కూడిన ఇన్ఫెక్షన్లు జెల్‌తో 23 శాతం, యాంటీబయాటిక్‌తో 19 శాతం. ఏ చికిత్సా లేకుంటే 57 శాతం. పైగా జెల్ ఎక్కించిన ప్రతి ఐదుగురిలో ఒకరికి ఎక్కువ గ్రేడు రిఫ్లక్స్ తిరిగొచ్చింది.

పసివాళ్లకు ఏళ్ల తరబడి యాంటీబయాటిక్ ఎలా పోస్తామంటారా? న్యాయమైన ప్రశ్నే. 2014 నాటి అమెరికా అధ్యయనంలో ఆ మందు ఇన్ఫెక్షన్లను సగానికి తగ్గించినా, కిడ్నీ మచ్చలను తగ్గించలేదు. మందుకు లొంగని బ్యాక్టీరియానూ పెంచింది. అందుకే మందు వాడుతున్నా జ్వరాలు మళ్లీమళ్లీ వచ్చే బిడ్డకు జెల్ మంచి మార్గమేనని ఒప్పుకుంటాను. అయితే తక్కువ గ్రేడు రిఫ్లక్స్ చాలావరకు ఎదుగుదలతో దానంతటదే పోతుంది. మూత్రం ఆపుకునే అలవాటు, మలబద్ధకం ఉన్న పిల్లలకు ముందు వాటిని సరిచేయాలి. వ్యాసంలో వాటి ఊసే లేదు.

— ఒక పాఠకుడు