పిట్టలు పోయినయ్ అంటే పోడు వైపే ఎందుకు వేలు చూపుతరు?

దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మన ఊళ్లల్ల నమ్మకం. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదిక ప్రకారం పాలపిట్టల సంఖ్య 30 శాతానికి పైగా పడిపోయింది. పొలాలు, బీళ్లు, గడ్డి భూములను నమ్ముకున్న పక్షులకే ఎక్కువ దెబ్బ తగిలిందని ఆ నివేదిక చెప్తున్నది.

ఈ మాట వినంగనే చాలామందికి గుర్తొచ్చేది పోడు రైతు. అసలు పిట్ట ఇల్లు ఎట్ల కూలిందో నర్మెట్ట నుంచే చూద్దాం.

జనగామ జిల్లా నర్మెట్ట మెట్ట ప్రాంతం. ఇక్కడి ఊళ్లల్ల, తండాల్లో జొన్న, సజ్జ, కంది, పెసర, అనుము, ఆముదం పండేవి. జొన్న కంకి మీద పిట్ట వాలితే రైతు మంచె ఎక్కి ఒడిసెలతో తోలేటోడు. అయినా పిట్టకు బతుకు ఉండె. కోత అయినంక రాలిన గింజ, కలుపు గింజ చలికాలమంతా దాని తిండి. గట్టు మీది గడ్డిలో పూరేడు పిట్ట దాగేది. బావి మీదికి వంగిన కొమ్మలకు గిజిగాడి గూళ్లు వేలాడేవి. ముసలి చెట్టు తొర్రలో పాలపిట్ట గుడ్లు పెట్టేది.

ఇప్పుడు ఆ చెల్కల్లో పత్తి. అందులో పిట్ట తినే గింజ లేదు. పాలపిట్టకు కావాల్సిన మిడతలు, పురుగులు మందుకు చస్తయ్. కలుపు కూలి భారమైన రైతు గడ్డిమందు కొడితే గట్టు మీది గడ్డి కూడా మాడుతది. ట్రాక్టర్ తిరగాలని గట్టు పోయింది, చెట్టు పోయింది. బోర్లు వచ్చినంక పాత బావులు పూడినయ్.

దేవాదుల నీళ్లు బొమ్మకూరు రిజర్వాయర్‌కు వచ్చినయ్. కరువు చూసిన జనగామకు అది మేలే. వరి మడుల్లో కొంగలు దిగుతయ్. నెమళ్లు దేశమంతా పెరిగినయ్. కానీ కొంగ వచ్చిందని పూరేడు పిట్ట తిరిగి రాదు. దానికి పొడి నేల, గడ్డి కావాలె.

ఒకప్పటి కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టిండ్రు. చుట్టుపక్కలకు సాగునీరు వచ్చి పంటలు మారినయ్, బీళ్లు తగ్గినయ్. ఆ పక్షి కనపడకుండ పోయింది. కంచె లోపలి గడ్డి ఒక్కటే దాన్ని కాపాడలేకపోయింది, ఎందుకంటే చుట్టూ ఉన్న పొలాలు కూడా దాని ఇల్లే.

ఇక భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు చూడండి. పోడు అడవిని, పక్షిని నాశనం చేస్తదని చెప్పేవాళ్లే జామాయిల్ తోటలను పచ్చదనం లెక్కలో రాస్తరు. 2021లో కేంద్రం ఆయిల్ పామ్ మిషన్ తెచ్చింది. మిజోరంలో డంపా పులుల అభయారణ్యం దగ్గర జయదేవ్ మండల్, టి.ఆర్. శంకర్ రామన్ చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. టేకు, ఆయిల్ పామ్ తోటల కంటే పోడు, దాని బీళ్లు కలిసిన నేలలోనే అడవి పక్షులు ఎక్కువ ఉన్నయని అది తేల్చింది. అసలు అడవికి ఏదీ సాటి రాదు, అది వేరే మాట. కానీ పోడు తీసేసి తోట పెడితే పిట్టకు మేలు అనే వాదన అక్కడ నిలబడలేదు.

మనం కూడా ఒక నిజం ఒప్పుకోవాలె. మిజోరంలో చూసింది పలు పంటలు, బీడు కలిసిన పోడును. మన పోడంతా పత్తి, మిర్చితో నిండితే ఆ అధ్యయనం మన తరఫున మాట్లాడదు. రైతును తిట్టి లాభం లేదు. వడ్లకు ఉన్నట్టు జొన్నకు, కందికి, అనుముకు ఊరి దగ్గర కొనుగోలు లేనప్పుడు ఎవరు వేస్తరు? అందుకే మద్దతు ధర, కొనుగోలు కేంద్రం, పాత విత్తనం అడగడం పిట్ట కోసం కూడా చేసే పోరాటమే.

అటవీ హక్కుల చట్టం 2006లోని సెక్షన్ 5 అడవిని, వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు ఇచ్చింది. తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఆ అధికారం వాడుకుందాం. మీ గూడెంలో, తండాలో పెద్దోళ్లను కూర్చోబెట్టి ఏ పిట్ట ఏ పంటలో వాలేది, ఎప్పటి నుంచి రావట్లేదు అని మన పేర్లతోనే రాయండి. పోడు ఉన్న ఊళ్లల్ల దాన్ని గ్రామసభ ముందు పెట్టి తీర్మానం చేయించండి. రేపు ఎవరన్నా పిట్టల పేరు చెప్పి పోడు ఖాళీ చేయమంటే, ముందుగా ఆ కాగితం చూపిద్దాం.