పొద్దున అటు, సాయంత్రం ఇటు

పొద్దున ఏడున్నరకి అంగలకుదురులో గుంటూరు బస్సు ఎక్కుతాను. గుంటూరు వెళ్లే వైపు బస్సులు, ఆటోలు, బైకులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని కదుల్తుంటాయి. ఎదురు వైపు మాత్రం కాసేపు క్రికెట్ ఆడుకోవచ్చు. సాయంత్రం సీన్ రివర్స్.

దీనికి మనవాళ్లు కనిపెట్టిన మందు రైల్వే గేటు దగ్గర చూడాలి. గేటు పడగానే ఎడమ వైపు నిండుతుంది. తర్వాత బైకులు కుడి వైపుకి దూరతాయి, వాటి వెనక ఆటో, ఆటో వెనక కారు. అవతల కూడా ఇదే పని. గేటు లేచేసరికి రెండు సైన్యాలు ఎదురెదురుగా! పోయిన సెమ్‌లో అలా ఇరుక్కునే నా ల్యాబ్ ఇంటర్నల్ పోయింది. నాది మార్కులే. అదే బస్సులో గుంటూరు బట్టల షాపుకి వెళ్లే అక్కకి లేటయితే సగం రోజు జీతం కట్.

అట్లాంటాలో ఉండే మా పెదనాన్న కొడుక్కి ఈ గోడు చెప్తే, "ఇక్కడా రోడ్డు అటూ ఇటూ తిరుగుద్దిరా, కాకపోతే గేట్లేసి తిప్పుతారు" అన్నాడు. ఐ-75, ఐ-575 హైవేల వెంట 2018 సెప్టెంబర్‌లో తెరిచిన ఎక్స్‌ప్రెస్ లేన్లు అవి, దాదాపు 48 కిలోమీటర్లు. మామూలు లేన్లతో కలవకుండా విడిగా ఉంటాయి. పొద్దున నగరంలోకి మాత్రమే, సాయంత్రం బయటికి మాత్రమే. మధ్యలో కొంతసేపు గేట్లన్నీ మూసేసి, లోపల ఒక్క బండి కూడా మిగల్లేదని చూసుకున్నాకే రెండో వైపు తెరుస్తారు. నన్నడిగితే అసలు ఇంజినీరింగ్ అంతా ఆ ఖాళీ టైమ్‌లోనే ఉంది.

టోల్ కట్టడానికి పీచ్ పాస్ అనే స్టిక్కర్, మన ఫాస్టాగ్ లాంటిదే. మన టోల్‌గేట్లో రద్దీ ఉన్నా లేకపోయినా ఒకటే రేటు. అక్కడ రద్దీ పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది, ఎంతో బోర్డు మీద ముందే కనపడుతుంది. ఇష్టమైతే ఎక్కు, లేదంటే పక్క లేన్లో ఫ్రీగా నిలబడు. ఫ్రీగా వదిలేస్తే అదీ నిండిపోతుంది కదా.

నాకు పేచీ ఇక్కడే. అన్నయ్య లేటైన రోజు డబ్బు కట్టి వెళ్లిపోతాడు. మా బట్టల షాపు అక్కలాంటి వాళ్లకి ఆ లేన్ ఇంకా అవసరం. బోర్డు మీద రేటు చూసి వెనక్కి తగ్గేదీ వాళ్లే. అయితే అక్కడ ప్రయాణికుల బస్సులకి, రిజిస్టరైన వ్యాన్‌పూల్స్‌కి టోల్ లేదట. అది మాత్రం భలే నచ్చింది.

ఈ విద్య మనకి కొత్తేం కాదు. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌ప్లాజాలో విజయవాడ వైపు ఎక్కువ గేట్లు తెరుస్తారు, పండగయ్యాక హైదరాబాద్ వైపు. రేపు విజయవాడ-గుంటూరు మధ్య ఎవరైనా ఇలాంటి లేన్ కడతామంటే నేను వద్దనను. కానీ మొదటి రోజు నుంచీ పల్లెవెలుగు బస్సు టోల్ లేకుండా అందులోనే వెళ్లాలి. మిగిలిన జాగానే కార్లకి అమ్ముకోవాలి.

మా రోడ్డుకి మాత్రం ఇది కుదరదు. వెళ్లడానికొకటి, రావడానికొకటి, ఉన్నవే రెండు లేన్లు. ఒకటి తిప్పేస్తే ఎదురొచ్చేవాళ్లు పొలాల్లోంచి రావాలి. గేటుకి రెండు వైపులా ఓ వంద మీటర్ల డివైడర్ వేస్తే చాలు, మా బస్సు కదుల్తుంది.