ప్రేమ ఒక్కటే చాలదు, తిండి తెలియాలి

సర్జాపురలో మా వీధి టీ అంగడి ముందు రోజూ పొద్దున ఇదే చూస్తాను. టీ తాగేవాళ్లు బిస్కెట్ ప్యాకెట్ విప్పి కుక్కలకు వేస్తారు. అవి తోక ఆడిస్తే ఇంకో రెండు వేస్తారు. పుణ్యం వచ్చిందనుకుని వెళ్లిపోతారు. మైదా, చక్కెర కుక్కల తిండేనా?

నామీద కోప్పడకండి. ఈ తప్పు మేమూ చేశాం. మా ఇంట్లో మాంసం వండరు. మా పిల్లి చిన్ని బయటికి పోకుండా ఇంట్లోనే పెరిగింది. దానికి పాలన్నం, పెరుగన్నమే పెట్టేవాళ్లం. "మనం తినేదే అదీ తింటుంది, దానికేం తక్కువ?" అనేది మా అవ్వ. ఒకరోజు చిన్ని నడుస్తూ నడుస్తూ గోడకు గుద్దుకుంది. పశువుల డాక్టరు చూసి, తిండి లోపం వల్ల కళ్లు దెబ్బతిన్నాయి, పోయిన చూపు తిరిగి రాదు అన్నారు. అవ్వ ఆ రాత్రి అన్నం తినలేదు.

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దానికి టారిన్ అనే పదార్థం తప్పనిసరి. దాన్ని పిల్లి శరీరం సరిపడా తయారు చేసుకోలేదు. మాంసంలో, చేపల్లో అది దొరుకుతుంది, అన్నం పప్పుల్లో దొరకదు. అది లేకపోతే చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. పులిని గడ్డి మేయమనని మనం పిల్లిని మాత్రం పెరుగన్నం మీద బతకమంటున్నాం. మన ఆచారం మనకు, దాని కడుపుకు కాదు.

కుక్క సంగతి వేరు. వేల ఏళ్లుగా మనిషి పక్కన బతికి అన్నం, రొట్టె అరిగించుకోవడం నేర్చింది. పిండిపదార్థం అరిగించే జన్యువులు తోడేలుకంటే కుక్కలో ఎక్కువని 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు. అందుకే "కుక్కంటే తోడేలే, పచ్చిమాంసమే సహజం" అనేవాళ్ల మాటా నేను ఒప్పుకోను. పచ్చిమాంసంలోని సాల్మొనెల్లా క్రిములు ఇంట్లో మనుషులకూ అంటుకోవచ్చు.

2025 జూలైలో బెంగళూరు మహానగర పాలికె సుమారు 5,000 వీధికుక్కలకు రోజూ కోడిమాంసం, అన్నం, కూరగాయలు కలిపి పెడతామంటే ఎంత గొడవైందో గుర్తుందా? "మనుషులకే దిక్కులేదు, కుక్కలకు చికెనా?" అన్నారు. ఖర్చు గురించి ఎంతైనా వాదించండి. కానీ అది కుక్కకు తగిన తిండే, విలాసం కాదు.

మిగిలిన బిర్యానీ పడేసి కుక్కకు పెట్టాం అనుకోవడమూ దయ కాదు. ఉల్లిపాయ దాని రక్తకణాలను చెడగొడుతుంది. ఉడికిన కోడి ఎముక చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి. చాక్లెట్ దానికి విషం.

మిత్రులారా, బిస్కెట్ కొనే డబ్బుతో ఒక గుడ్డు ఉడికించి పెట్టండి. పక్కన గిన్నెడు నీళ్లు ఉంచండి. మాంసం ముట్టని ఇళ్లవాళ్లు పిల్లిని తెచ్చుకునే ముందే బాగా ఆలోచించండి.

ఇప్పుడు మా చిన్నికి చేప వాసన వస్తే చాలు, తడుముకుంటూ గిన్నె దగ్గరికి వస్తుంది. ఆ గిన్నె పెట్టేది మా అవ్వే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.