తాళము వేసిన రోగము మానదు

పట్టణములలోని బీదవాడలయందు రాత్రివేళ వీధి మలుపులలో నిలుచు స్త్రీలను గూర్చి ఈ పత్రికలో వ్రాయుట మనవారిలో కొందరికి రుచింపకపోవచ్చును. "అది చెన్నై మాట, మదురై మాట, కారియాపట్టిలోని మనకేల?" అని అడుగవచ్చును. మదురై మనకు దూరమా? బ్రతుకుతెరువునకై మన పల్లెలు విడిచిన పేదలు తలదాచుకొనునది అట్టి వాడలలోనే గదా!

1986లో మద్రాసు వైద్య కళాశాలకు చెందిన డాక్టరు సునీతి సోలమన్, ఆమె శిష్యురాలు డాక్టరు నిర్మల, మైలాపూరు నిర్బంధ గృహములోని స్త్రీల రక్తమును పరీక్షకు సేకరింపగా, ఆరుగురియందు హెచ్.ఐ.వి. కానవచ్చెను. మన దేశమున అది బయటపడుట అదియే ప్రథమము. వీధిలో పట్టుబడి, జామీను చెల్లింప శక్తిలేక అచట చేరిన దీనురాండ్రు వారు. రోగము తెలిసిన పిదప అట్టివారికి దక్కినది ఔషధము కాదు, తాళము. 1990లో మద్రాసు హైకోర్టు కలుగజేసికొన్న తరువాతగాని విముక్తి కలుగలేదు. ఇంతచేసియు రోగము ఆగినదా? దేశమంతట వ్యాపించినది.

నేడు దీనికి మత్తు తోడైనది. సారాయి, గంజాయి, నొప్పి మాత్రలను కరిగించి సూదితో ఎక్కించుకొనుట మున్నగునవి ఆకలిని, అవమానమును మరచుటకు మొదలగును. తుదకు ఆ మత్తు కొరకే మరల వీధికెక్కవలసి వచ్చును. ఒకరి సూదిని మరొకరు వాడినచో నాటి రోగమే సంక్రమించును. దీనిని నడతచెడుటయని నిందించి ఊరకుండుట సులభము. వ్యసనము వ్యాధియని వైద్యులు చెప్పుచున్నారు.

చట్టము మనకంటె ముందు నడచినది. స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరులు ప్రభుత్వము గుర్తించిన వైద్యశాలలో స్వయముగా చికిత్స కోరినచో అభియోగము నుండి రక్షణ పొందుటకు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము 64ఏ విభాగమున అవకాశము కలదు. ఈ వృత్తిలోని స్త్రీలను పోలీసులు మర్యాదతో చూడవలెననియు, పత్రికలు వారి గుర్తింపును బయటపెట్టరాదనియు సుప్రీంకోర్టు 2022 మే 19న ఉత్తరువు చేసెను. మత్తు మానగోరువారికి 14446 అను ఉచిత టెలిఫోను కలదు.

అయినను మత్తు మాన్పించు కేంద్రములు పెక్కు పురుషులనే ఉద్దేశించినవి. స్త్రీకి పిల్లల నెవరు చూతురను చింత, ఊరెరుగునను భయము అడ్డుపడును. కావున స్త్రీలకు ప్రత్యేకముగా పడకలు ఏర్పరుపుడని మన సంఘము జిల్లా అధికారులకు విజ్ఞప్తి చేయవలెను. తల్లి చికిత్సలోనున్న దినములలో ఆమె బిడ్డల అన్నము, చదువు మనము వహింపవలెను. త్రాగుబోతు కొడుకును చేయిపట్టి ఆసుపత్రికి కొనిపోవు కుటుంబమే కూతురు దారితప్పిన నాడు ఆమె పేరెత్తుట మానును. కొడుకునకు తెరచిన తలుపు కూతురికి మూయుట ఏ ధర్మము?