చెరువులోని తుమ్మ, చేనిలోని తుమ్మ

వేసవి వచ్చినదనిన మన నరికుడి ప్రాంతమున గొడ్డళ్ళ చప్పుడును, బొగ్గుబట్టీల పొగయు మొదలగును. నీరింకిన చెరువులలోని సర్కారు తుమ్మను నరుకుటకు వేలములు జరుగును. తుమ్మ పోయి చెరువు బాగుపడవలెనని వ్రాయు పాఠకులు కొందరు. తుమ్మ పోయినచో కొంగలు ఎచ్చట గూడు కట్టునని అడుగువారు కొందరు. ఇరుపక్షములవారు పలుకుచున్నదియు న్యాయమే. కావుననే ఈ విషయమును గూర్చి మా అభిప్రాయమును తెలుపుచున్నాము.

అమెరికా ఖండమునుండి 19వ శతాబ్దమున దేశమునకు వచ్చిన ఈ చెట్టును గత శతాబ్ద మధ్యమున వంటచెరకు నిమిత్తము ఈ కరవు సీమలో విరివిగా పెంచిరి. ఆనాడు అది ఉపకారమే. ఈనాటికిని భూమిలేని పేదలనేకులకు బొగ్గు కాల్చుటయే జీవనాధారము. కాని మేకలు కాయలను మేసి విత్తులను ఊరూర చల్లినవి. మోడును పెకలింపక పైపైన నరికినచో నాలుగు కొమ్మలుగా చిగిర్చును. 2017లో మదురై ధర్మాసనపు ఉత్తరువులపై తొందరగా నరికిన చోట్ల ఏమి జరిగినదో చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించిన విధానము తొలగించుటతో ఆగక, ఆ స్థలమున దేశవాళీ వృక్షజాతులను నెలకొల్పవలెనని చెప్పుచున్నది. ఈ రెండవ భాగమే మన గుత్తదారులకు వినబడుట లేదు.

పశ్చిమమున శ్రీవిల్లిపుత్తూరు కొండలకు 2021 నుండి పులుల అభయారణ్యమను రక్షణ కలదు. మన మెట్టసీమకు అడవి లేదు, చెరువే అడవి. ఈశాన్యపు వానలు కురిసి చెరువులు నిండినచో ఎర్రకాళ్ళ కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు, గూడబాతులు వచ్చును. వాన తప్పినచో రావు. పొరుగున రామనాథపురము జిల్లాలోని చిత్రంగుడి, కంజిరంకుళం చెరువులు 1989లో పక్షుల ఆశ్రయములుగా ప్రకటింపబడి, 2022లో అంతర్జాతీయ రాంసర్ పట్టిక కెక్కినవి. 2025లో ఆ జిల్లాలోనివే సక్కరకోట్టై, తేర్తంగల్ చెరువులును చేరినవి. అయితే పక్షికి గూడు ఒక చెరువున ఉండినను మేత పదియూళ్ళ చెరువులలో ఉండును. పట్టిక కెక్కని మన చెరువులు పూడిపోయినచో పట్టిక కెక్కిన చెరువులకును వన్నె తగ్గును.

ఇంతకును చెరువెవరిది? పెద్దది ప్రభుత్వ జలవనరుల శాఖది. 40 హెక్టారులకు లోబడిన ఆయకట్టు గలది పంచాయతీ యూనియనుది. చెట్లు ఒకరివి, చేపల పాట మరొకరిది, నీరు ఆయకట్టు రైతులది. ఇందరి సొత్తయిన దానిని ఏ ఒక్కరును కాపాడజాలరు. పూర్వము కుడిమరామత్తు అను పేర ఊరివారందరును ఇంటికొక మనిషి చొప్పున కట్టకు మట్టివేసి, కాలువ త్రవ్వుకొనెడివారు. ఆ పేరును ప్రభుత్వము 2017లో మరల వాడుకలోనికి తెచ్చినది. పేరు వచ్చినంత వేగముగా వాడుక రాలేదని మా తలంపు.

కలసి కాపాడిన ఊళ్ళు లేకపోలేదు. శివగంగ జిల్లా వేట్టంగుడి పక్షుల ఆశ్రయము చెంతనున్న కొల్లుకుడిపట్టి ప్రజలు పక్షులు బెదరునని దశాబ్దములుగా దీపావళికి టపాసులు కాల్చుట మానిరి. దేశమునకెల్ల టపాసులు పంపు శివకాశి మన జిల్లాలోనే యున్నది గనుక ఈ మాట మనకు కొంత విచిత్రముగా తోచును! చెంగల్పట్టు సీమలోని వేడందాంగల్ రైతులు 18వ శతాబ్దాంతముననే దొరతనమువారినుండి పక్షులను వేటాడరాదను కౌలు పొందిరి. రెట్టలు కలిసిన నీరు పొలమునకు ఎరువగునని వారికి తెలియును. మన పూర్వులు వదలివచ్చిన ఆంధ్రదేశమున వీరాపురము వారు ఊరి నడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టు ఎర్రకాళ్ళ కొంగలను తమ ఇంటి పక్షులుగా చూచుకొందురు. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువులో చెట్లు చాలకపోగా ఇనుపకమ్ములతో కృత్రిమవృక్షములు నిలిపిరి. గూడబాతులు వానిపైనను గూళ్ళు కట్టినవి.

ఇక చేదుమాట. చెరువులోని తుమ్మను గూర్చి సభలలో మాటాడు మన కుటుంబములలో ఎన్నిటికి చేనిలో తుమ్మ లేదు? మన పెద్దలు ఈ నల్లరేగడిని దున్ని ప్రత్తి పండించిరి. వారి సంతతి చెన్నైలోను, కోయంబత్తూరులోను స్థిరపడగా, పట్టా మన పేర నున్నది, పొలము తుమ్మ పేర నున్నది. చెరువులో పెకలించిన విత్తు మన బీడునుండియే మరుసటి యేడు తిరిగి చేరుచున్నది. ఆ బీళ్ళ ప్రక్కన చేను దున్నుకొను తమిళ సోదరులు మనల నేమనుకొందురో వారు మర్యాదచే చెప్పరు. మనమే తెలిసికొనవలెను.

మా సూచన యిది. బీడు గలవారు, ఎంత దూరమున నున్నను, ఈ యేడు తమ పట్టా భూమిలోని తుమ్మను వేళ్ళతో త్రవ్వించవలెను. ఆ కట్టెను, బొగ్గును ఊరి పేదలకే విడిచిపెట్టవలెను. వారికి పనియు కూలియు చూపని యే పథకమును రాత్రిపూట గొడ్డలి ముందు నిలువదు. చెరువులలో పక్షులు వాడిన చెట్లను గుర్తించి, వాటి ప్రక్కన నల్లతుమ్మ గూటికి తగినంత ఎదుగువరకు నిలుపవలెను. మిగిలిన సర్కారు తుమ్మను ఏటేట కొంతగా పెకలింపవలెను. ఈ మాటను గ్రామసభలో మన పక్షపు కోరికగా గాక, ఆయకట్టు రైతులతోను, చేపల పాటదారులతోను, అటవీశాఖవారితోను ముందే కూర్చుండి ఊరి తీర్మానముగా తేవలెను.

నల్లతుమ్మ కాయలు వేసవిలో పండును. మేకలకు వానిని మేపి, దొడ్డిలో రాలిన గింజను ఏరి విత్తినచో చక్కగా మొలచునని మన కాపులకు తెలిసినదే. దొడ్డి గల సభ్యులు ఇప్పటినుండియే గింజలు ప్రోగుచేసిన, వానలనాటికి నారు సిద్ధమగును.