పుస్తకములో కనబడని ఆట



మన పిల్లలకు క్రికెట్టు ఎట్లాంటిదో అమెరికా దేశములో బేస్‌బాల్ అట్లాంటిది. అక్కడ వయసు మళ్ళిన అభిమానులు ఇద్దరు ముగ్గురు కూడినచోట పాత ఆటల ప్రస్తావన తప్పక వస్తుంది. ఎవరు ఎన్ని పరుగులు తెచ్చారన్నది లెక్కల పుస్తకాలలోనే ఉన్నది గనుక ఆ వాదము త్వరగా తీరిపోతుంది. కాని "ఫలానావాడు ఆ బంతిని ఎట్లా ఆపాడో చూశావా?" అని ఒకరు మొదలుపెడితే ఇక పొద్దు తెలియదు. ఈ నెల ఆ ఆపినవారిని గురించి కొంచెము చెప్పుకొందాము.

ఆట తెలియనివారి కొరకు రెండు మాటలు. మైదానములో నలుచదరముగా నాలుగు బేసులుంటాయి. ఒక్కొక్కదానికి మధ్య 90 అడుగుల దూరము. బంతిని కొట్టినవాడు బ్యాటు అక్కడే పడవేసి మొదటి బేసుకు పరుగెత్తాలి. నేలమీద దూసుకువచ్చే ఆ బంతిని ఆపి, అతనికంటె ముందుగా మొదటి బేసు దగ్గర నిలిచినవానికి అందజేస్తే అతడు అవుట్. ఇదంతా జరగడానికి దొరికే సమయము సుమారు 4 సెకనులు. ఈ భారము ముఖ్యముగా నలుగురిది. మొదటి, రెండవ, మూడవ బేసుల వారు ముగ్గురు. రెండవ, మూడవ బేసుల మధ్య నిలిచే షార్ట్‌స్టాప్ నాలుగవవాడు.

మూడవ బేసు అనగానే పాతవారు బ్రూక్స్ రాబిన్సన్ పేరు చెబుతారు. ఆయన 1955 నుండి 1977 వరకు 23 సీజనులు బాల్టిమోర్ ఓరియోల్స్ అనే ఒక్క జట్టులోనే ఆడాడు. 1960 నుండి 1975 వరకు వరుసగా 16 మారులు, బాగుగా ఫీల్డింగు చేసినవారికిచ్చే గోల్డ్ గ్లవ్ బహుమానము పొందాడు. 1970 అక్టోబరులో సిన్సినాటి రెడ్స్ జట్టుతో వరల్డ్ సిరీస్ మొదటి ఆట జరుగుతున్నది. లీ మే కొట్టిన బంతి మూడవ బేసు పక్కనుండి గీత వెంబడి దూసుకుపోయినది. రాబిన్సన్ పరుగెత్తి, చెయ్యి అడ్డముగా చాపి, బేసు వెనుక దానిని పట్టాడు. ఆ ఊపు ఆయనను గీత అవతలికి లాగుకొనిపోయినది. అక్కడనుండే గిర్రున తిరిగి విసిరాడు. బంతి నేలకు ఒక్కసారి తగిలి మొదటి బేసులో ఉన్న బూగ్ పావెల్ చేతిలో పడింది. మే అవుట్! ఓరియోల్స్ 4-1 తేడాతో సిరీస్ గెలిచారు. ఆ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు రాబిన్సనే.

ఇప్పుడు లెక్కల పుస్తకము తెరచి చూడండి. స్కోరు వ్రాసేవారు మూడవ బేసు వానికి 5, మొదటి బేసు వానికి 3 అని అంకెలు పెట్టుకొన్నారు. కాబట్టి ఆ అద్భుతము పుస్తకములో 5-3 అని మాత్రమే ఉంటుంది. మెల్లగా దొర్లివచ్చిన బంతిని తీరికగా పట్టి విసిరినా అదే 5-3. అదే ఆటలో రాబిన్సన్ అంతకు ముందు చేసిన ఒక తప్పు మాత్రము తప్పుల వరుసలో ప్రత్యేకముగా ఎక్కినది. మరొక విచిత్రము కూడా ఉన్నది. బంతి దగ్గరకు చేరనే లేనివాని పేర సామాన్యముగా తప్పు పడదు. కష్టపడి చేరి, చేయి జారినవాని పేర పడుతుంది!

షార్ట్‌స్టాప్ స్థానములో ఆజీ స్మిత్‌ను తలచుకొంటారు. బాల్యములో ఇంటి మెట్లకు బంతి కొట్టి, అది తిరిగివచ్చినప్పుడు పట్టేవాడట. సారిసారికి ఇంకా దగ్గరకు జరిగి నిలిచేవాడట. 1978 ఏప్రిల్‌లో, ఆయన మొదటి సీజనులోనే, జెఫ్ బరోస్ కొట్టిన బంతికోసము గ్లవ్ ఉన్న చెయ్యి చాచి దూకాడు. గాలిలో ఉండగానే బంతి నేల తగిలి అనుకోకుండ వేరే దిక్కుకు ఎగిరింది. వట్టి కుడిచేతితో దాన్ని అందుకొని, లేచి, విసిరి అవుట్ చేశాడు. 1980 నుండి 1992 వరకు వరుసగా 13 గోల్డ్ గ్లవ్ బహుమానాలు ఆయనవే.

రెండవ బేసు వీరుడు బిల్ మాజెరోస్కీని లోకము 1960 వరల్డ్ సిరీస్‌ను ముగించిన ఆ ఒక్క హోమ్ రన్‌తో గుర్తుపెట్టుకొన్నది. ఆట తెలిసినవారు మాత్రము ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయుటలో ఆయన పాలుపంచుకొన్న 1,706 సందర్భాలను చెబుతారు. రాబిన్సన్ పక్కనే షార్ట్‌స్టాప్‌గా ఆడిన మార్క్ బెలాంజర్ బ్యాటింగు సగటు .228 మాత్రమే. అయినను అతడు 18 సీజనులు పెద్ద లీగులో నిలిచాడు. ఎందుకు? 8 గోల్డ్ గ్లవ్‌లు పొందిన ఆ చేతులను బట్టియే.

2015 నుండి పెద్ద లీగు మైదానాలన్నిటిలో కెమెరాలు పెట్టి ఫీల్డరు ఎంత వేగముగా కదిలాడో, ఎంత దూరము పరుగెత్తాడో కొలుస్తున్నారు. అవి రాకముందే రాబిన్సన్ ఆట ముగిసినది. కొన్ని ఆటలు ఫిల్ములో మిగిలినవి. మిగతావాటికి చూచినవారి సాక్ష్యమే ఆధారము. రాబిన్సన్ 2023 సెప్టెంబరులో, 86 ఏండ్ల వయసున కన్నుమూశాడు. ఆయన ఆటను కన్నులార చూచినవారు కూడా సంవత్సరము సంవత్సరము తగ్గిపోతున్నారు. వారు చెప్పక, పిల్లలు వినకపోతే 5-3 అనే అంకెలు మాత్రమే మిగులుతాయి.

ప్రియులారా, చెరువు కట్ట తెగితే ఆ సంవత్సరము పదికాలాలపాటు ఊరికి గుర్తుంటుంది. తెగకుండ రాత్రంతా వానలో మట్టి మోసినవారి పేర్లు ఏ కాగితముమీద ఉన్నాయి? మీ ఇంటిలోను అట్లాంటివారు ఉండే ఉంటారు. అప్పు పెరగకుండ ఆపిన తల్లి, తగవు ముదరకుండ ఆపిన పెద్దన్న. చూచినవారు బ్రదికి ఉండగానే వారిని అడగండి. ఈ రాత్రి భోజనముల దగ్గర పిల్లలను కూర్చోబెట్టి ఆ సంగతులు చెప్పించండి.