సంఘము నోరు మూయవద్దు

"పాట వచ్చినవారు పాడుదురు గాక, రానివారు ఊరకుండి విందురు గాక" అను మాట నేడు మన సంఘములలో పెద్దల నోట సైతము వినబడుచున్నది. వేదికమీద నలుగురు మైకులు పట్టుకొని పాడుచుండగా సంఘమంతయు చూచుచు కూర్చుండును. దీనివలన ఆరాధనకు శోభ కలుగునని వాదించువారికి పూర్వపు ఇంగ్లండు చరిత్రను చూపగోరుచున్నాను. రాగము ఎట్లున్నదని అడుగుటకు ముందు పాడుచున్నది ఎవరని అడుగవలెనని ఆ చరిత్ర నేర్పుచున్నది.

పదునారవ శతాబ్దములో ఆ దేశపు సంగీతమునకు అంతస్తులుండెను. రాజాస్థాన ప్రార్థనాలయములో తాలిస్, బర్డ్ వంటి మహావిద్వాంసులు కూర్చిన గానమును శిక్షణ పొందిన గాయకులే పాడుచుండిరి. తోమస్ మోర్లీ 1597లో ప్రకటించిన సంగీత పాఠ్యగ్రంథము, విందులో పాడలేక సిగ్గుపడిన ఒక విద్యావంతుని సంభాషణతో ఆరంభమగును. పెద్దింటివారికి పాట మర్యాదలో భాగము. పేదలకు వీధిలో అమ్ముడుపోవు ఒంటికాగితపు కథాగేయములుండెను. గొప్పవారి అండలేక ఊరూర తిరుగు వాద్యగాండ్రనైతే 1572 నాటి చట్టము దేశదిమ్మరులలో జమకట్టెను.

గుడిలోనో, పూర్వము లాటినులో గురువులును గాయకులును పాడగా జనులు వినుచుండిరి. 1559లో ఎలిజబెత్ రాణి ఆజ్ఞలు ప్రార్థనకు ముందైనను తరువాతనైనను ఒక పాట పాడుకొనవచ్చుననియు, దాని భావము జనులకు తెలియునట్లుండవలెననియు చెప్పెను. ఆ కొద్దిపాటి అనుమతి చాలెను. 1560 మార్చిలో బిషప్పు జాన్ జూయెల్ తన స్నేహితుడు పీటర్ మార్టిర్‌కు వ్రాసిన లేఖలో, లండనులోని పాల్స్ క్రాస్ యొద్ద ఆరుబయట ప్రసంగము ముగిసిన పిమ్మట ఒక్కొక్కప్పుడు 6,000 మంది వరకు, వృద్ధులు, పిల్లలు, స్త్రీలు, పురుషులు ఏకముగా పాడుచున్నారని తెలిపెను. వారిలో సంగీతము నేర్చినవారెందరు?

1562లో జాన్ డే అను ముద్రాపకుడు స్టెర్న్‌హోల్డ్, హాప్కిన్స్ మొదలగువారు పద్యములుగా కూర్చిన దావీదు కీర్తనలన్నిటిని ఒక గ్రంథముగా అచ్చువేసెను. పండితులు ఆ పద్యములను మోటువని నవ్విరి. అయినను అనేక కీర్తనలు ఒకే ఛందస్సులో నుండుటచేత ఒక్క రాగము వచ్చినవాడు పెక్కు కీర్తనలు పాడగలిగెను. గుడిలో పీటలు హోదానుబట్టి వేరైనను యజమానుడును దాసియు పాడిన కీర్తన ఒక్కటే.

"చదువురానివారు ఎట్లు పాడుదురు?" అందువా? 1645లో పార్లమెంటు ఆమోదించిన ఆరాధన క్రమము దీనికి జవాబు చెప్పెను: ఒకడు ఒక్కొక్క చరణమును ముందుగా చదువవలెను, సంఘము దానిని పాడవలెను. దీనివలన పాట సాగదీయబడి, రాగము తెగిపోయెనని విమర్శకులు తరువాత అనిరి. అది నిజమే. అయితే రాగము చెడునని వారు చదువురానివాని నోరు మూయలేదు, ఇది గమనింపుము.

భక్తి పేరిటను సంఘము నోరు మూయువారుందురు. లండను బాప్టిస్టులలో కొందరు, వ్రాసి కూర్చిన మాటలు ఆత్మకు విరుద్ధమనియు, అవిశ్వాసులతో కలిసి పాడరాదనియు పట్టుపట్టిరి. బెంజమిన్ కీచ్ కాపరి, పిల్లలకు పుస్తకము వ్రాసినందుకు 1664లో బొండకొయ్యలో నిలువబడినవాడు, 1673 ప్రాంతములో ప్రభువు బల్ల తరువాత తన సంఘముచేత పాడింప మొదలుపెట్టెను. ఐజక్ మార్లో దానిని ఖండింపగా 1691లో కీచ్ గ్రంథము వ్రాసి ప్రత్యుత్తరమిచ్చెను. కొందరు సభ్యులు విడిచిపోయిరి. పాటకొరకు ఆయన అంత నష్టమును భరించెను. మనమో, సౌకర్యముకొరకు దానిని వదలుకొనుచున్నాము.

గాయక బృందము వద్దని నేననను. 1644లో పార్లమెంటు గుడులలోని ఆర్గనులను తీసివేయించిన తీరును నేను మెచ్చను. బర్డ్ గానము దేవుని వరమే. అయితే కొలొస్సయి 3:16లోని ఆజ్ఞ సంఘమంతటికి వ్రాయబడినది. దానిని నలుగురు మిగిలినవారి పక్షమున నెరవేర్చలేరు. ప్రార్థింపుటకు, విశ్వసించుటకు బదులు మనిషిని పెట్టుకొందుమా? పాడుటకు మాత్రమెందుకు?

పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను మన పల్లెలలో అక్షరము రాని తల్లులు విని, కంఠస్థము చేసి, చీకటి గుడిసెలలో పాడుకొనిరి. వారి మనుమలు నేడు గుడిలో మౌనముగా నిలిచియున్నారు. గాయకుడా, నీ మైకు శబ్దము తగ్గించి, సంఘము స్వరము నీకు వినబడువరకు ఆగుము. కాపరీ, వారమునకొక కీర్తన నేర్పుము. చదువరీ, నీ గొంతు బొంగురైనను రాబోవు ఆదివారము నోరు తెరువుము. నీ వంతు స్తుతిని నీవే చెల్లింపవలెను.